పొద్దు పొడిచాక చలి పెరుగుతుందేం?

"ఎండ వస్తే చలి తగ్గాలి కదా సార్. మరి పొద్దు పొడిచాకే ఎక్కువ వణికిస్తుందేం?"

ఈ ప్రశ్న వేసింది మా ఆఫీసు తాళాలు తీసే అటెండరు గారు. రోజూ అందరికంటే ముందు వచ్చే మనిషి కాబట్టి పొద్దుటి పూట సంగతులు ఆయనకు తెలిసినంతగా మాకెవరికీ తెలియవు. తెల్లవారుజామున నాలుగున్నరకు పాల ప్యాకెట్ల కోసం వీధి చివరిదాకా వెళ్తే మఫ్లరు కూడా అక్కర్లేదట. ఏడింటికి బండి తీస్తే మాత్రం వేళ్లు కొంకర్లు పోతున్నాయట. "చలి పులి పంజా" అని పెద్దక్షరాలతో వేసిన పేపరు చేతిలో పట్టుకుని మరీ అడిగారు. పక్క సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు గానీ, నవ్వాల్సిన ప్రశ్నేమీ కాదిది. ఆయన గమనించింది నిజం. రోజు మొత్తంలో అతి చల్లని సమయం నడిరాత్రి కాదు, తెల్లవారుజామూ కాదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లో అది మామూలుగా సూర్యోదయమైన కాసేపటికి వస్తుంది.

ఎందుకో తెలియాలంటే, గాలిని ఎవరు వేడి చేస్తున్నారో ముందు చూడాలి. సూర్యుడే అనుకుంటాం. నిజానికి ఎండలో ఎక్కువ భాగం గాలిని పెద్దగా పట్టించుకోకుండా దాటి వచ్చి నేలను తాకుతుంది. నేల వేడెక్కుతుంది. ఆ నేల తనను ఆనుకున్న గాలిని వేడి చేస్తుంది. ఎండాకాలం రాత్రి ఎనిమిదింటికి డాబా మీద చాప పరిచిన వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. సూర్యుడు వెళ్లిపోయి గంట దాటినా కింది నుంచి సెగ తగులుతూనే ఉంటుంది. అంటే నేల పగలు పుచ్చుకున్న వేడిని తిరిగి బయటకు పంపుతోందన్నమాట. ఇందులో చాలా భాగం కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ (పరారుణ) కిరణాల రూపంలో ఆకాశంలోకి పోతుంది. ఈ పంపకం రాత్రికే పరిమితం కాదు, పగలూ జరుగుతుంది. కాకపోతే పగలు వచ్చేది ఎక్కువ కాబట్టి పోయేది మనకు తెలియదు.

నెల జీతం మీద బతికేవాళ్లం కాబట్టి దీన్ని బ్యాంకు ఖాతాలా లెక్కేద్దాం. ఎండ జమ, నేల బయటకు పంపే వేడి ఖర్చు. సాయంత్రం జమ ఆగిపోయింది. ఖర్చు మాత్రం రాత్రంతా నడుస్తూనే ఉంది. నిల్వ నిమిషనిమిషానికీ తరుగుతోంది. తూర్పున సూర్యుడు కనిపించగానే జమ మొదలవుతుంది, నిజమే. కానీ ఆ తొలి కిరణాలు ఏటవాలుగా, నేలంతా పలచగా పరుచుకుంటూ వస్తాయి. ఖర్చు వందలుంటే జమ చిల్లర. అందుకని ఖాతాలో డబ్బు పడుతున్నా నిల్వ తగ్గుతూనే పోతుంది. జమ పెరిగి పెరిగి ఖర్చును దాటిన క్షణం ఒకటి వస్తుంది. అక్కడే తరుగుదల ఆగుతుంది. ఆ రోజుకి అదే కనిష్ఠ ఉష్ణోగ్రత. హైదరాబాదులో జనవరిలో పొద్దు పొడిచేది ఆరూ ముప్పావుకి. దాని మీద పావుగంటో అరగంటో వేసుకుంటే, మన అటెండరు గారు బండి తీసే వేళ సరిగ్గా అదే.

ఆయన కష్టానికి రెండో కారణం ఆ బండే. మన ఒంటి వేడికి చర్మాన్ని ఆనుకుని వెచ్చని గాలి పొర ఒకటి పలచగా నిలబడుతుంది. కదలకుండా ఉంటే ఆ పొరా మనతోనే ఉంటుంది. బండి నలభై వేగంతో వెళ్తుంటే ఎదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు తుడిచేస్తుంది, చర్మం మళ్లీ మళ్లీ కొత్త గాలిని వేడి చేయాల్సి వస్తుంది. వేడి త్వరగా పోతుంది కాబట్టి చలి ఎక్కువనిపిస్తుంది. బండి హ్యాండిల్‌కి థర్మామీటరు కట్టుకుని వెళ్తే మాత్రం అది నిలబడ్డప్పుడు ఎంత చూపిందో అంతే చూపిస్తుంది. దానికి సొంత వేడంటూ లేదు, పోగొట్టుకునేది ఏముంటుంది?

"మరి పేపరు వాళ్లు పొద్దున్నే ఏడింటికి లేచి కొలుస్తారా?" అని తర్వాతి ప్రశ్న. అక్కర్లేదు. వాతావరణ కేంద్రాల్లో జల్లి తలుపులున్న తెల్లటి చెక్కపెట్టె ఒకటి కాళ్ల మీద నిలబడి ఉంటుంది. స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు. నేల నుంచి దాదాపు 1.2 మీటర్ల ఎత్తున, ఎండ తగలకుండా, గాలి మాత్రం ఆడేలా అందులో థర్మామీటర్లు ఉంటాయి. వాటిలో కనిష్ఠాన్ని కొలిచే దానిలో పాదరసం ఉండదు, ఆల్కహాలు ఉంటుంది. ఆ ద్రవంలో చిన్న పుల్లలాంటి సూచిక మునిగి ఉంటుంది. చలికి ఆల్కహాలు కుంచించుకుంటే దాని అంచు ఈ సూచికను కూడా వెనక్కి లాక్కుపోతుంది. తిరిగి వేడెక్కి ద్రవం ముందుకు పాకినా సూచిక కదలదు, చివరగా ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోతుంది. భారత వాతావరణ శాఖ వాళ్లు ఉదయం 8.30కి వచ్చి అది ఎక్కడ ఆగిందో చూసి రాసుకుంటారు. అప్పటికి ఎండ ఎంత కాసినా ఫరవాలేదు. ఇప్పుడు చాలాచోట్ల ఈ పని యంత్రాలే చేసి అంకె పంపేస్తున్నాయనుకోండి.

ఒక పేపర్లో పద్నాలుగు, ఇంకో పేపర్లో పది అని ఉండటం మీద మా ఆఫీసులో ప్రతి డిసెంబరులోనూ వాదన జరుగుతుంది. ఇద్దరూ అబద్ధం చెప్పి ఉండరు. హైదరాబాదు ఉష్ణోగ్రత అని వాతావరణ శాఖ ఇచ్చేది బేగంపేటలో కొలిచింది. శేరిలింగంపల్లి దగ్గర సెంట్రల్ యూనివర్సిటీలోనో, పటాన్‌చెరులోనో కొలిస్తే చాలా రోజులు అంతకంటే తక్కువ వస్తుంది. ఊరి నడిబొడ్డున సిమెంటు గోడలూ తారు రోడ్లూ పగలు తాగిన వేడిని రాత్రంతా మెల్లగా వదులుతుంటాయి. చెట్లూ ఖాళీ నేలా ఉన్నచోట అంత నిల్వ ఉండదు. ఏ పేపరు ఏ అంకె ఎంచుకుంటుందన్నది మాత్రం శీర్షిక ఎంత వణికించాలన్న దాన్నిబట్టి ఉంటుందని నా అనుమానం.

డిసెంబరులోనే కొన్ని రాత్రులు అసలు చలి ఉండదు, ఫ్యాను కూడా వేసుకుంటాం. అప్పుడు పేపరు తిరగేస్తే బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త తరచూ కనిపిస్తుంది. సముద్రం మీంచి తేమ గాలి, మబ్బులు వచ్చి కమ్ముకుంటాయి. నేల పైకి పంపిన ఇన్‌ఫ్రారెడ్ వేడిని మబ్బులూ నీటి ఆవిరీ పీల్చుకుని అందులో కొంత తిరిగి కిందికి పంపుతాయి. ఖర్చు పెట్టిన దాంట్లో కొంత వాపసు వస్తుందన్నమాట, కాబట్టి నిల్వ అంతగా పడిపోదు. అల్పపీడనం దాటిపోయి ఉత్తరాది నుంచి పొడి గాలులు మొదలయ్యాయా, ఆకాశం శుభ్రమవుతుంది, వాపసు దాదాపు ఆగిపోతుంది. మర్నాడు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల పేర్లు మళ్లీ మొదటి పేజీకి వస్తాయి. అవి సముద్రానికి దూరం, ఉత్తరానికి దగ్గర. విశాఖపట్నానికి పక్కనే సముద్రం ఉంది. నీరు నేలలా త్వరగా చల్లబడదు కాబట్టి ఆ తీరంలో రాత్రి అంత పడిపోదు. అదే విశాఖ నుంచి ఘాట్ రోడ్డెక్కి చింతపల్లి వైపు వెళ్తే లంబసింగి. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. కిలోమీటరు పైకి వెళ్తే గాలి సగటున ఆరారున్నర డిగ్రీలు చల్లబడుతుంది. దానికి తోడు రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి, వాలుల వెంట నీళ్లలా జారి పల్లంలో చేరుతుంది. చుట్టూ కొండలుండి మధ్యలో ఉన్న ఊళ్లకు ఈ రెండో వాటా కూడా దక్కుతుంది.

ఇక పొగమంచు. ఆలస్యంగా వచ్చేవాళ్లకి దీన్ని మించిన ఆసరా లేదు. గాలి ఎంత చల్లబడితే అందులో అంత తక్కువ ఆవిరి ఇముడుతుంది. నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి, ఇమడని ఆవిరి సన్నటి నీటి బొట్లుగా మారి గాలిలోనే వేలాడితే అది పొగమంచు. పేరులో మంచు ఉన్నా, మన దగ్గర అందులో ఉన్నవి నీటి బొట్లే. కిలోమీటరు అవతలి వస్తువు కనపడకపోతే వాతావరణ శాఖ దాన్ని పొగమంచుగా లెక్కిస్తుంది. యాభై మీటర్లు కూడా కనపడకపోతే అతి దట్టమైనది. గన్నవరంలో దిగాల్సిన విమానాలు గాల్లో చక్కర్లు కొట్టేది ఇలాంటి ఉదయాల్లోనే.

ఔటర్ రింగు రోడ్డు అవతల నుంచి వచ్చే సహోద్యోగి ఒకాయన తొమ్మిదింబావుకి వచ్చి "ఒకటే మంచు సార్, లైట్లేసుకుని పాక్కుంటూ వచ్చాను" అంటారు. ఊళ్లోనే ఉండే సూపరింటెండెంటు గారు కిటికీలోంచి ఫెళ్లున కాస్తున్న ఎండ వంక చూసి, ఆయన వంక చూస్తారు. ఇద్దరి మాటా నిజమయ్యే వీలుంది. ఊరి బయట చెరువులూ పొలాలూ ఉంటాయి, ఆవిరికి కొదవ లేదు. పైగా రాత్రి నేల ఎక్కువ చల్లబడుతుంది. ఊళ్లో ఈ రెండూ తక్కువే. ఆలస్యమైన వాళ్ల తరఫున ఇంకో సాక్ష్యం కూడా చెప్పాలి: పొగమంచు చాలాసార్లు పొద్దు పొడిచాకే చిక్కబడుతుంది. తొలి ఎండకి గడ్డి మీది మంచుబిందువులు ఆవిరై, ఇంకా చల్లగానే ఉన్న గాలిలోకి చేరి మళ్లీ బొట్లుగా మారతాయి. ఆరింటికి స్పష్టంగా కనిపించిన రోడ్డు ఏడింటికి కనిపించకపోవచ్చు. పదకొండింటికి వచ్చి మంచు అంటే మాత్రం శాస్త్రం ఆదుకోదు.

అటెండరు గారి అసలు ఫిర్యాదు ఒకటి మిగిలింది. డిసెంబరు 21 ప్రాంతంలో అతి చిన్న పగలు అంటారు. అక్కణ్నుంచి పగలు పెరగాలి. మరి సంక్రాంతి వెళ్లినా పొద్దున్న వెలుతురు ఇంకా ఆలస్యమవుతుందేం?

పగలు పెరుగుతోంది. కానీ ఆ పెరుగుదలంతా సాయంత్రానికే పోతోంది. ఇది ఎలాగంటే, సూర్యుడు నడినెత్తి గీత దాటిన దగ్గర్నుంచి మర్నాడు మళ్లీ దాటేదాకా ఏడాది పొడుగునా సరిగ్గా ఇరవైనాలుగు గంటలు పట్టదు. డిసెంబరు చివర్లో రోజుకి సుమారు అర నిమిషం ఎక్కువ పడుతుంది. భూమి తన చుట్టూ ఒక్కసారి తిరిగేలోపు సూర్యుడి చుట్టూ కూడా కొంత ముందుకు జరుగుతుంది కదా, సూర్యుడికి మళ్లీ ఎదురు రావాలంటే ఆ మేరకు ఇంకాస్త తిరగాలి. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అతి దగ్గరగా, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో, అతి వేగంగా కదులుతుంటుంది. దానికి భూమి అక్షం ఒరుగు కూడా తోడై ఆ "ఇంకాస్త" పెరుగుతుంది. మన గడియారాలు ఇవేవీ పట్టించుకోకుండా ఇరవైనాలుగు గంటలే తిరుగుతాయి. కాబట్టి గడియారంలో చూస్తే మధ్యాహ్నం రోజుకి కాస్త వెనక్కి జరుగుతుంది, దాంతోపాటే సూర్యోదయం, సూర్యాస్తమయం రెండూ జరుగుతాయి. అందుకే హైదరాబాదులో అతి తొందరగా పొద్దు గుంకేది నవంబరు చివర్లో. అతి ఆలస్యంగా పొద్దు పొడిచేది జనవరి మూడో వారం ప్రాంతంలో.

అంత దగ్గరున్న సూర్యుడు చలి ఎందుకు తీర్చడని ఆయన అడగకముందే చెప్పేశాను. ఏడాదిలో దూరం మారేది నూటికి మూడు పాళ్లే. ఎండ పడే వాలు మాత్రం బాగా మారుతుంది. మేలో హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటే, డిసెంబరు 21న క్షితిజం నుంచి 49 డిగ్రీల ఎత్తుకే వచ్చి వెనుదిరుగుతాడు. పైగా పగలు కూడా చిన్నది.

"ఇంత చలిలో మన హాల్లో ఏసీ ఎందుకు సార్?" అన్నారు చివరికి, స్వెట్టరు జిప్పు పైకి లాక్కుంటూ. ఊరికే కూర్చున్న మనిషి ఒక్కొక్కరు సుమారు వంద వాట్ల వేడి వదులుతారు. నలభై మంది, వాళ్ల కంప్యూటర్లు, లైట్లు, జెరాక్సు మిషను, తెరుచుకోని అద్దాల కిటికీలోంచి వచ్చే ఎండ. మధ్యాహ్నానికల్లా హాలు ఉడుకుతుంది. ఏసీ లేకపోతే కుదరదు. కానీ రిమోట్‌లో 24 అని కనపడుతున్నా, సరిగ్గా గాలి తగిలే చోట కూర్చున్న వాళ్లకి అది 24 లాగా ఉండదు. బండి మీద వేళ్లకు తగిలే చలి లాంటిదే ఇక్కడ మెడకు తగులుతుంది. ఏసీ మూతికున్న రెక్కను పైకప్పు వైపు తిప్పేస్తే ఆ బాధ చాలావరకు పోతుంది. దానికి స్టూలు కావాలి. స్టూలు స్టోర్ రూములో ఉంది, ఆ తాళం ఆయన దగ్గరే ఉంది.