హైడ్రాలిక్ లేస్తలేదంటే పంపు పోయినట్టేనా?

మృగశిర కార్తెకు వారం ముందు నల్లగొండ, పాలమూరు దిక్కు ఏ ట్రాక్టర్ షెడ్డు దగ్గర ఆగినా ఒకటే మాట వినబడుతుంది: "హైడ్రాలిక్ లేస్తలేదు." ఎండాకాలమంతా ట్రాలీ కట్టి ఇటుక, మట్టి, పెంట ఎరువు తోలిన బండి అది. మామూలు ట్రాలీకి లిఫ్టుతో పని పడదు కనుక జబ్బు లోపలే దాగి ఉంటుంది. తొలకరి పడి కల్టివేటర్ తగిలించిన రోజే బయటపడుతుంది. చల్క నేలలో పదును రెండు మూడు రోజులే. అది ఆరిపోతే మళ్లీ మొగులు దిక్కు చూడాల్సిందే. ఆ తొందరలో ఎవరేం చెప్పినా రైతు నమ్ముతాడు, ఏ సామాను రాసిస్తే అది కొంటాడు. అపోహలకు అంతకన్నా అదును ఏముంటుంది?

"పంపు పోయింది పటేలా, కొత్తది తెప్పియ్యి"

అన్నిటికన్నా ఎక్కువ డబ్బులు తినే అపోహ ఇదే. మేమూ ఒకసారి నమ్మి నష్టపోయాం. మాది ఇంజన్ పక్కన గేర్ పంపు ఉండే పాత బండి. కొత్త పంపు బిగించాక కూడా లిఫ్టు నిన్నటి లాగే మూలిగింది. చివరికి ఆయిల్ జాలీ విప్పితే ఇనుప పొడి, నల్లటి మడ్డి కలిసి మైనంలా పట్టి ఉంది. డీజిల్‌తో కడిగి బిగించాం. పాత పంపే ఇంకొన్నేళ్లు నడిచేది.

లిఫ్టు చేసేవి రెండు పనులు: బరువును ఎత్తడం, ఎత్తిన బరువును నిలబెట్టడం. ఎత్తడానికి ఆయిల్, జాలీ, పంపు, రిలీఫ్ వాల్వు బాగుండాలి. నిలబెట్టడానికి సిలిండర్‌లోని పిస్టన్ రింగు, కంట్రోల్ వాల్వు, మధ్యలో గొట్టాల ఓ రింగులు బాగుండాలి. ఏ పని చెడిందో తేల్చుకోకుండా పానా పట్టొద్దు. తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. కల్టివేటర్‌ను పూర్తిగా లేపి ఇంజన్ ఆపండి. నాగలి మొన నేలకు ఎంత ఎత్తులో ఉందో ఒక పుల్లతో కొలిచి, పావుగంట తర్వాత మళ్లీ కొలవండి. కష్టపడి లేచి, లేచాక కదలకుండా నిలబడితే లోపం ఎత్తే దిక్కు ఉంది. చకచకా లేచి, ఆపగానే జారిపోతుంటే పంపును ముట్టుకోకండి. లోపం నిలబెట్టే దిక్కు ఉంది. ఈ పరీక్ష చేసేటప్పుడు కల్టివేటర్ కింద చెయ్యి, కాలు పెట్టకూడదు. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

ఎత్తే దిక్కే లోపం ఉంటే పంపు పేరు చివర రావాలి. ముందు బండిని చదునైన జాగాలో నిలిపి ఆయిల్ మట్టం చూడాలి. తర్వాత జాలీ విప్పాలి. పాత మాసీ 35 తరహా బండ్లలో గేర్‌బాక్సుకు, వెనక డిఫరెన్షియల్‌కు, హైడ్రాలిక్‌కు ఆయిల్ ఒకటే. గేర్లు అరిగి రాలిన ఇనుప రజనంతా ఆ జాలీ దగ్గరికే చేరుతుంది. ఆ తర్వాత పంపు ఆయిల్ పీల్చే గొట్టం అతుకులు చూడాలి. అక్కడ గాలి దూరితే బయట చుక్క ఆయిల్ కూడా కారదు, కానీ పంపు ఈల వేసినట్టు ఏడుస్తుంది. ఆ ఏడుపు ఆయిల్ అందక వచ్చేది. పంపు అరిగినంత మాత్రాన ఆ చప్పుడు రాదు.

ఇంకొకటి చెప్పాలి, చిన్నదే కానీ దీనితోనే బండ్లు షెడ్డుకు వస్తుంటాయి. పాత మాసీ తరహా బండ్లలో హైడ్రాలిక్ పంపును తిప్పేది పీటీవో షాఫ్టు. పీటీవో లివర్ న్యూట్రల్‌లో ఉంటే పంపు తిరగదు, లిఫ్టు లేవదు. ఒకే క్లచ్ ఉన్న మోడల్‌లో క్లచ్ తొక్కి పట్టుకుని లివర్ లాగినా అంతే. బండి అమ్మినాయన ఈ సంగతి చెప్పకపోతే కొన్నాయనకు ఎట్లా తెలుస్తుంది?

"ఎండెక్కినంక లేస్తలేదు, మందం ఆయిల్ పోద్దాం"

ఈ మాటలో సగం నిజం ఉంది. అందుకే ప్రమాదం. ఆయిల్ వేడెక్కితే పలచబడుతుంది. పంపు గానీ పిస్టన్ రింగు గానీ అరిగి ఉంటే పలచటి ఆయిల్ ఆ సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది. పొద్దున బాగా లేచి మధ్యాహ్నం లేవని లిఫ్టు చెప్పేది ఇదే: లోపల అరుగుదల ఉంది. మందం గేర్ ఆయిల్ పోస్తే కొన్నాళ్లు లేస్తుంది, నిజమే. కానీ చలికాలం పొద్దున అదే ఆయిల్ జాలీలోంచి పంపుకు అందదు. అందని పంపు లోపల బుడగలు పుట్టి పగులుతూ లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తాయి. ఒక అరుగుదలను దాచబోయి ఇంకోదాన్ని తెచ్చుకున్నట్టవుతుంది.

దీనికి తిరగేసి ఉండే లక్షణం కూడా ఉంది. పొద్దున లేవదు, గంట నడిచాక లేస్తుంది. అప్పుడు జాలీ మూసుకుపోయిందనో, ఉండాల్సినదాని కన్నా మందం ఆయిల్ ఉందనో అనుమానించాలి. ఈ రెండు లక్షణాలూ డ్రైవర్ కళ్ల ముందు రోజూ జరిగేవే. మెకానిక్‌తో "లేస్తలేదు" అని ఊరుకోకుండా "ఎప్పుడు లేస్తలేదు" అన్నది చెబితే సగం రోగం అక్కడే దొరుకుతుంది.

"కరిగెటలో దిగిన బండికి ఆయిల్ తెల్లబడుడు మామూలే"

మామూలు కాదు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు వరి పెరిగింది. కేజ్ వీల్స్ తొడిగిన ట్రాక్టర్లు ఇరుసు దాకా బురదలో దిగి కరిగెట దున్నుతాయి. అరిగిన సీళ్లు, సరిగా మూయని ఆయిల్ పుల్ల, చిరిగిన గేర్ లివర్ రబ్బరు, ఎక్కడ సందుంటే అక్కడ నీళ్లు దూరతాయి. నీళ్లు కలిసిన ఆయిల్ పాలలా తెల్లబడుతుంది, పంపుకు తుప్పు పడుతుంది.

అయితే గాలి కలిసినా ఆయిల్ తెల్లగా నురగెత్తుతుంది. రెండూ ఒకటి కాదు. పారదర్శకంగా ఉండే సీసాలో కొంచెం ఆయిల్ పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి తేటపడితే అది గాలి, పీల్చే గొట్టం అతుకు చూడాలి. అడుగున నీళ్లు నిలిచినా, పాల రంగు పోకపోయినా అది నీరు. అప్పుడు ఆయిల్ మొత్తం మార్చాలి, నీళ్లు వచ్చిన సందు మూయాలి. మాసీ 35 లాంటి బండికి దాదాపు 30 లీటర్లు పడుతుంది. ఖర్చే. కానీ పంపు, బేరింగులు పోయాక అయ్యే ఖర్చు ముందు ఇది చిన్నది.

"రేసు పెంచితే లేస్తుంది కదా"

రేసు పెంచితే ఆయిల్ పారే వేగం పెరుగుతుంది, బరువు ఎత్తే బలం పెరగదు. రేసు ఇస్తేనే లేచే లిఫ్టు లోపల కారుతోందని అర్థం. కారినదాని కన్నా ఎక్కువ పోస్తే కుండ నిండినట్టు లేస్తుంది.

"రిలీఫ్ వాల్వు కింద వాచర్ వేస్తే బలం వస్తది"

ఈ పని చేసినవాళ్లతో నాకు చాలా వాదన ఉంది. ఆయిల్ ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని వదిలేయడం రిలీఫ్ వాల్వు పని. దాని స్ప్రింగు కింద వాచర్ పెట్టి గట్టి చేస్తే ఆ హద్దు పైకి జరుగుతుంది. ఆ ఒత్తిడిని మోసేది మాత్రం పాత సిలిండరు, పాత గొట్టాలు, పాత షాఫ్టులే. లెక్క వేసి చూడండి. పిస్టన్ అడ్డుకొలత 75 మిల్లీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం 44 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి ఉంటే పిస్టన్ మీద 6,600 కిలోల తోపుడు పడుతుంది. ఒత్తిడి ఇంకో 50 కిలోలు పెంచితే ఇంకో 2,200 కిలోలు. అంత బరువును తట్టుకోవడానికి ఎవరూ ఆ బండిని తయారు చేయలేదు.

వాల్వు స్ప్రింగు నిజంగా సడలి ఉండవచ్చు, సీటు మీద నలుసు పడి ఉండవచ్చు. కానీ అది గేజీ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఆ మోడల్ పుస్తకంలో ఇచ్చిన అంకె గేజీ మీద వస్తే వాల్వును ముట్టుకోవద్దు. ఇక ఆయిల్ సన్నగా చిమ్ముతుంటే ఎక్కడి నుంచో చూద్దామని వేలు పెట్టడం చాలా షెడ్లలో ఉన్న అలవాటు. దయచేసి మానండి. అంత ఒత్తిడితో వచ్చే ఆయిల్ సూదిలా చర్మంలో దూరుతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. వేలికి తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి పోయి, ఒత్తిడి ఆయిల్ దూరిందని డాక్టరుకు చెప్పాలి.

"ఇంజన్ ఆపితే దిగిపోవుడు పాత బండి గుణం"

ఇది ముసలితనం కాదు, కారుడు. ఇంజన్ నడుస్తుండగా లేపిన కల్టివేటర్ కొన్ని క్షణాలకోసారి తల ఊపుతుంటే అదే రోగం. కొంచెం దిగుతుంది, వాల్వు గమనించి మళ్లీ లేపుతుంది. పాత మాసీ తరహా బండ్లలో కారే చోటు కళ్లతో చూడొచ్చు. ఆయిల్ కొంత తీసి, బరువు లేపి ఉంచి, ఇంజన్ ఆపి, పక్క మూత విప్పి టార్చి వెయ్యాలి. సిలిండర్ మూతి నుంచి కారితే పిస్టన్ రింగు, గొట్టం మొదట్లో కారితే ఓ రింగు. చిన్న రబ్బరు రింగుతో తీరే పనికి పంపు కొనాల్సిన అవసరం లేదు.

"గట్టి నేల రాగానే నాగళ్లు తేలుతున్నయి, లిఫ్టులో బలం లేదు"

ఇక్కడ లిఫ్టు చెడిపోలేదు, చెప్పిన పని చేస్తోంది. ఐర్లాండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ 1920లలో మూడు లింకుల కట్టును రూపొందించాడు. దానికి ముందు నాగలి రాయికి తట్టుకుంటే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడి డ్రైవర్లు చచ్చిపోయేవాళ్లు. ఆయన కట్టులో నాగలి మీద లాగుడు పెరిగితే టాప్ లింకు ఆ ఒత్తిడిని హైడ్రాలిక్‌కు చేరవేస్తుంది, హైడ్రాలిక్ నాగలిని కొంచెం పైకి తీస్తుంది. దీన్నే డ్రాఫ్ట్ కంట్రోల్ అంటున్నాం. 1946లో వచ్చిన ఆయన టీఈ20 ట్రాక్టర్ నుంచి మన మాసీల దాకా నడుస్తున్నది ఈ ఆలోచనే. దేవరకొండ, అచ్చంపేట చల్కల్లో గులకరాళ్ల పట్టు రాగానే నాగళ్లు తేలడానికి కారణం అదే. అక్కడ టాప్ లింకును గొలుసుతో బిగించి కట్టేయడం, కల్టివేటర్ మీద రాళ్లు పేర్చడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. నాగళ్లు మరీ పైకి తేలుతుంటే డ్రాఫ్ట్ లివర్‌ను ఒక గీత కిందికి దించండి, అవి మళ్లీ లోతు పడతాయి.