గిన్నెలు కడిగే యంత్రానికి గార పట్టిందా?

పిల్లలూ! మీ ఇంట్లో నీళ్లు కాచే కెటిల్ మూత తీసి అడుగున చూడండి. తెల్లని గట్టి పొర ఉందా? దానినే గార అంటాం. మీ ఇల్లు లండన్‌లో అయితే అది ఉండే ఉంటుంది. గ్లాస్గోలో అయితే దాదాపు కనిపించదు. ఎందుకో తెలుసుకుందాం.

వాన నీరు గాలిలోను, నేలలోను ఉండే కార్బన్ డయాక్సైడును కలుపుకొని కొంచెం ఆమ్లగుణం పొందుతుంది. లండన్ చుట్టుపట్ల నేలలో సుద్దరాయి ఉంది. దానిలోని కాల్షియం ఆ నీటిలో కరుగుతుంది. అటువంటి నీరు కఠినజలం. అందులో సబ్బు సరిగా నురగ రాదు, కందిపప్పు తొందరగా ఉడకదు. మన ఊళ్లలో కొన్ని బావులను చూపి "ఈ నీళ్లకు పప్పు ఉడకదు" అని పెద్దలు అనేది ఇందుకే.

గ్లాస్గోకు 1859 నుండి కాట్రిన్ సరస్సు నీరు వస్తోంది. అక్కడి రాయి సులువుగా కరగదు. కనుక ఆ నీరు మృదుజలం. నీటి కాఠిన్యాన్ని కాల్షియం కార్బొనేటు లెక్కలో కొలుస్తారు. లండన్ నీటిలో అది సాధారణంగా లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటుతుంది. గ్లాస్గోలో 50 కూడా ఉండదు.

కఠినజలం కాగినప్పుడు కాల్షియం కార్బొనేటు విడిపడి గారగా అంటుకుంటుంది. అందుకే చాలా డిష్‌వాషర్లలో రెసిన్ పూసలున్న చిన్న అర ఉంటుంది. ఆ పూసలు కాల్షియంను పట్టుకొని, బదులుగా సోడియంను వదులుతాయి. మనం పోసే ప్రత్యేకమైన ఉప్పు ఆ పూసలకు తిరిగి శక్తినిస్తుంది. వంటింటి ఉప్పు మాత్రం పోయరాదు.

మరి మృదుజలం ఉన్నచోట ఇదంతా అవసరమా? మా ఇంటి సంగతి చెబుతాను. మేము లండన్ నుండి గ్లాస్గోకు మారిన కొత్తలో మా యంత్రం ఆగిపోయింది. అడుగున మురికినీరు నిలిచింది. నేను గారేనని తలచి, గార తీసే మందు రెండుసార్లు కొని పోశాను. డబ్బు పోయింది, నీరు పోలేదు. చివరకు మరమ్మతు చేసే ఆయన వచ్చి జల్లెడ విప్పాడు. లోపల కరివేపాకు ఈనెలు, నిమ్మగింజలు! అవే నీటిని తోడే పంపుకు అడ్డుపడ్డాయి. గార ఒక్క పిసరు కూడా లేదు. సైన్సు పాఠం చెప్పగలిగిన నేనే ముందు జల్లెడ చూడలేదు!

కనుక మృదుజలం ఉన్నచోట సాధారణంగా ఉప్పుగాని, గార మందుగాని అక్కరలేదు. యంత్రంతో వచ్చిన పుస్తకం చూసి కాఠిన్యపు అంకెను తగ్గిస్తే చాలు. కాని జల్లెడను, నీరు చిమ్మే చేతుల రంధ్రాలను శుభ్రం చేయడం ఎక్కడైనా తప్పదు. ఆ పని పెద్దలు కరెంటు ఆపిన తరువాతే చేయాలి.

ఒక చిన్న పరీక్ష చేయండి. మసకబారిన గాజుగ్లాసును వెనిగరుతో తుడవండి. మసక పోతే అది గార. పోకపోతే గాజే అరిగిందన్నమాట. మృదుజలంలో సబ్బుపొడి ఎక్కువైతే అలా జరుగుతుంది.

జబ్బు తెలియకుండా మందు వేయరాదు. మనిషికైనా, యంత్రానికైనా ఇదే నియమం.

ప్రశ్నలు
1. గార ఎలా ఏర్పడుతుంది?
2. రెసిన్ పూసలు చేసే పని ఏమిటి?
3. మీ ఊరి నీరు కఠినజలమా, మృదుజలమా? కెటిల్ చూసి, కారణంతో నాలుగు వాక్యాలు రాయండి.