చూపు లేనివారికి రికార్డరు కొంటున్నారా? మీట వేలికి తెలియాలి, సంగతి చెవికి వినపడాలి

మచిలీపట్నం: చూపు లేనివారికి చెవే పుస్తకం. కాలేజీలో లెక్చరరు చెప్పిన పాఠం దాచుకోవాలన్నా, గురువు నేర్పిన కీర్తన మళ్లీ మళ్లీ విని పట్టుకోవాలన్నా, పొదుపు సంఘం సమావేశంలో ఎవరెంత కట్టారో గుర్తుంచుకోవాలన్నా చేతిలో ఇమిడే రికార్డరు వారికి ఎంతో అక్కరకు వస్తుంది. కాని మన ఊళ్లలో సాధారణంగా జరిగేది ఏమిటంటే, బంధువులో దాతలో పట్నం వెళ్లినప్పుడు దుకాణంలో బాగున్నదనిపించిన దానిని కొనితెచ్చి చేతిలో పెడతారు. కొనేవారు కళ్లతో చూసి కొంటారు. వాడవలసినవారు చూడలేరు. చిక్కంతా ఇక్కడే వస్తున్నది.

గంట పాఠానికి ముందు విద్యార్థి మీట నొక్కుతాడు. రికార్డవుతున్నదనే అనుకుంటాడు. ఇంటికి వచ్చి వింటే అందులో ఏమీ ఉండదు. పోయిన పాఠం తిరిగి రాదు. పరీక్షలు దగ్గరపడిన పిల్లవానికి ఇది చిన్న నష్టం కాదు. అందుచేత రికార్డరు కొనేవారు ధర, రంగు, కంపెనీ పేరు అడిగే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. రికార్డవుతున్నదో లేదో చూడకుండానే తెలుస్తుందా?

పాత టేపురికార్డరుకున్న సుగుణం

ఫిలిప్స్ కంపెనీ 1963లో కాసెట్‌ను ప్రవేశపెట్టింది. 1970, 80 దశకాలలో గల్ఫు దేశాలకు వెళ్లినవారు తెచ్చిన టేపురికార్డర్లు మన పల్లెలలో ఎందరికో గుర్తుండే ఉంటాయి. అవి అంధుల కోసం తయారైనవి కావు. అయినా వారికి బాగా నప్పాయి. రికార్డు మీట, ప్లే మీట కలిపి నొక్కితే రెండూ కిందికి దిగి బిగుసుకునేవి. వేలితో తడిమితే చాలు, యంత్రం పని చేస్తున్నదో ఆగినదో తెలిసేది. చాలా రికార్డర్లలో టేపు చివరికి రాగానే మీట టక్కున పైకి లేచేది. కాసెట్ వెనుక ఉండే చిన్న పలకను విరిచివేస్తే దానిపై మళ్లీ రికార్డు కాదు. ఆ గుంటను వేలితో తడిమి, ఇది చెరపకుండా దాచినదని గుర్తుపట్టేవారు.

తరువాత టేపు పోయి చిప్పు వచ్చింది. యంత్రం అగ్గిపెట్టె అంత అయింది. మీటలన్నీ ఒకే తీరుగా మారాయి. రికార్డవుతున్నదనటానికి ఒక ఎర్రదీపం, మిగతా సంగతులన్నీ బుల్లితెర మీద. కళ్లున్నవారికి ఇది సౌకర్యమే. లేనివారికి మాత్రం తలుపు మూసినట్లయింది.

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టాడు. మరుసటి సంవత్సరమే రాసిన వ్యాసంలో దాని ఉపయోగాలను వరుసగా చెబుతూ, అంధులకు మాట్లాడే పుస్తకాలను కూడా పేర్కొన్నాడు. ఆనాడే ఆయనకు తట్టిన ఆలోచన నేటి తయారీదారులలో చాలామందికి తట్టకపోవటం విచారకరం.

మన జిల్లాలోనే నిదర్శనం

విని చదివిన చదువు ఎంత దూరం తీసుకువెళ్లగలదో తెలియటానికి ఎక్కడికో పోనక్కరలేదు. మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో రైతు కుటుంబంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. పదవ తరగతి తరువాత సైన్సు చదవటానికి అనుమతి నిరాకరించగా, కోర్టుకు వెళ్లి సాధించుకున్నారు. పాఠ్యపుస్తకాలను శబ్ద రూపంలో సిద్ధం చేసి ఇవ్వగా, విని చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. ఆ తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, తిరిగి వచ్చి 2012లో పరిశ్రమ స్థాపించారు. ఆయన జీవితంపై 2024లో హిందీలో సినిమా కూడా వచ్చింది.

కొనేముందు గమనించవలసినవి

మొదటిది మీటలు. రికార్డు మీట మిగిలిన వాటికంటె పెద్దదిగానో, గుంటగానో, ఉబ్బెత్తుగానో వేరుగా ఉండాలి. పక్కకు జరిపే మీట ఇంకా మేలు. అది ఎటువైపు ఉన్నదో వేలే చెబుతుంది. తాకితే పనిచేసే నున్నటి అద్దపు తెర మాత్రమే ఉండి, మాట్లాడని యంత్రం జోలికి పోరాదు.

రెండవది సవ్వడి. మొదలైనప్పుడు ఒక రకం, ఆగినప్పుడు మరొక రకం బీప్ వినిపించాలి. రెండింటికీ ఒకే చప్పుడైతే ఆపామో మొదలుపెట్టామో అర్థం కాదు. బ్యాటరీ అయిపోవస్తున్నదని, కార్డు నిండిందని కూడా చెవికి తెలియాలి.

మూడవది గొంతు స్థాయి. శబ్దం ఎక్కువైతే రికార్డింగు పగిలినట్లు వస్తుంది, తక్కువైతే గుసగుసగా ఉంటుంది. కళ్లున్నవారు తెరపై గీతలు చూసి సరిచేసుకుంటారు. లేనివారికి స్థాయిని తానే సరిచూసుకునే యంత్రం కావాలి.

నాల్గవది బ్యాటరీ. ఊరి కిరాణా కొట్లో దొరికే సెల్లులతో నడిచేదైతే కరెంటు లేనినాడు కూడా పని ఆగదు. సెల్లు ఎటువైపు పెట్టాలో స్ప్రింగును తడిమి తెలుసుకోవచ్చు. లోపలే బ్యాటరీ ఉన్నదైతే ఛార్జింగు ఎక్కుతున్నదో లేదో ఎలా తెలుస్తుందో దుకాణదారును అడగాలి.

మాట్లాడే రికార్డర్లు

మెనూలో ఏమున్నదో నోటితో చెప్పే రికార్డర్లు కూడా వచ్చాయి. ఒలింపస్ కంపెనీ డీఎం వరుసలో కొన్నింటికి ఈ సదుపాయం కల్పించింది. జపాన్‌కు చెందిన జూమ్ కంపెనీ 2024లో తెచ్చిన హెచ్1 ఎసెన్షియల్, హెచ్4 ఎసెన్షియల్, హెచ్6 ఎసెన్షియల్ అనే మూడు రకాలూ మెనూను చదివి వినిపిస్తాయి. వీటిలో 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతి ఉన్నందున గొంతు స్థాయిని ముందుగా సరిచూసే పని దాదాపు లేదు. హరికథలు, భజనలు, నాటకాలు రికార్డు చేసుకునేవారికి ఇది వరమే.

అయితే ఇబ్బందులు లేకపోలేదు. అవి చెప్పేది ఇంగ్లీషు మొదలైన కొన్ని భాషలలోనే. తెలుగు లేదు. పైగా ఈ పద్ధతిలో స్టీరియోగా గంటసేపు రికార్డు చేస్తే సుమారు 1.4 జీబీ స్థలం పడుతుంది. 32 జీబీ కార్డులో 20 గంటలకు కాస్త పైన మాత్రమే పడుతుంది. అదే మామూలు ఎంపీ3 పద్ధతిలో గంటకు 58 ఎంబీ చాలు. ఆ కార్డులోనే 500 గంటలకు పైగా దాచుకోవచ్చు. పాఠాలు వినే విద్యార్థికి ఎంపీ3 సరిపోతుంది.

విక్టర్ రీడర్ స్ట్రీమ్ అనే మరొక యంత్రం అంధుల కోసమే తయారైనది. పాత ఫోనువలె అంకెల మీటలుంటాయి. పుస్తకాలు చదివి వినిపిస్తుంది, రికార్డు కూడా చేస్తుంది. కాని దాని ఖరీదు సామాన్య కుటుంబానికి భారమే.

ఇంట్లోని ఫోను చాలదా?

చాలామందికి చాలుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే సదుపాయాన్ని తెరిస్తే, తెరపై వేలు పెట్టినచోట ఏమున్నదో తెలుగులోనే చెబుతుంది. వేరే ఖర్చు లేదు. అయితే రికార్డవుతుండగా ఫోను చెప్పే మాటలు కూడా అందులో కలుస్తాయి. చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది. మధ్యలో ఎవరైనా ఫోను చేస్తే రికార్డింగు ఆగిపోవచ్చు. అందుచేత ముందుగా ఫ్లైట్ మోడ్ పెట్టుకోవటం మంచిది. రోజూ గంటల తరబడి క్లాసులు వినేవారికి విడిగా రికార్డరు ఉండటమే మేలు.

ఫోనైనా, రికార్డరైనా, ఎదుటివారికి చెప్పి వారి అనుమతితోనే రికార్డు చేయటం మర్యాద.

ప్రభుత్వ సాయం

కేంద్ర ప్రభుత్వం 1981 నుంచి అమలు చేస్తున్న ఎడిప్ పథకం కింద కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి, కుటుంబ ఆదాయాన్ని బట్టి, ఉపకరణాలు ఇస్తారు. చూపు లేని విద్యార్థులకు పుస్తకాలు వినే డైసీ ప్లేయర్లు, మాట్లాడే ఫోన్లు ఈ పథకం ద్వారా అందాయి. సదరం ధ్రువపత్రం, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం తీసుకుని జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో విచారించవచ్చు. ఇంట్లో డబ్బు ఖర్చు పెట్టే ముందు అక్కడ అడగటం మంచిది.

పరీక్షలలో జవాబులను రికార్డు చేసి ఇచ్చే వీలును కూడా కేంద్రం 2018లో జారీ చేసిన మార్గదర్శకాలలో పేర్కొన్నారు. తమ పరీక్షకు ఏ నియమాలు వర్తిస్తాయో కాలేజీలో ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

దుకాణంలో చిన్న పరీక్ష

చివరగా ఒక మాట. రికార్డరు కొనటానికి వెళ్లేటప్పుడు వాడేవారిని వెంట తీసుకువెళ్లండి. యంత్రాన్ని వారి చేతికివ్వండి. మీటలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి చెప్పి పక్కకు తప్పుకోండి. వారే మొదలుపెట్టి నాలుగు మాటలు రికార్డు చేయాలి, ఆపాలి, తిరిగి వినాలి. మరొకటి రికార్డు చేసి, ముందుదానిని వెతికి తీయాలి. ఇదంతా ఎవరూ చేయి వేయకుండా మూడుసార్లు చేయగలిగితే నిశ్చింతగా కొనవచ్చు. చేయలేకపోతే తప్పు వారిది కాదు, ఆ యంత్రం వారికి పనికిరాదన్నమాట. పోస్టులో తెప్పించుకునేవారు నచ్చకపోతే వాపసు తీసుకునే షరతు ఉన్నదో లేదో చూసుకుని మరీ డబ్బు కట్టాలి.