నల్లగీత వెనుక న్యాయవాది

2014 ఏప్రిల్‌లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం తన తాగునీటి వనరును మార్చుకుంది. ఖర్చు తగ్గించుకోవడానికి, డెట్రాయిట్ నుంచి వచ్చే నీటికి బదులు ఫ్లింట్ నది నీటిని ఇళ్ళకు సరఫరా చేయడం మొదలుపెట్టింది. గొట్టాలు తుప్పు పట్టకుండా చేయవలసిన శుద్ధి చేయకపోవడంతో పాత గొట్టాల్లోని సీసం నీటిలో కలిసింది. కుళాయిల్లో రంగు మారిన నీళ్ళు వస్తున్నాయని జనం మొరపెట్టుకుంటుంటే, అధికారులు ఫరవాలేదని చెబుతూ వచ్చారు. 2015లో వర్జీనియా టెక్ ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్ బృందం నీటిని పరీక్షించి ఊరుకోలేదు. ప్రభుత్వ శాఖల లోపలి ఈమెయిళ్ళు కావాలని సమాచార స్వేచ్ఛా చట్టం కింద దరఖాస్తులు పెట్టింది. అలా దొరికిన కాగితాలు, అధికారులు జనానికి చెప్పినదానికీ తమలో తాము రాసుకున్నదానికీ మధ్య ఉన్న దూరాన్ని బయటపెట్టాయి.

2016 జనవరిలో రాష్ట్ర గవర్నర్ ఫ్లింట్ నీటికి సంబంధించిన తన ఈమెయిళ్ళను 274 పేజీలు విడుదల చేశారు. మిషిగన్ సమాచార చట్టం గవర్నర్ కార్యాలయానికి వర్తించదు కనుక, అది ఆయన తనంతట తాను చేసిన పని. ఆ పేజీల్లో ఒకటి దాదాపు మొత్తం నల్లగా ఉంది.

అలాంటి పేజీని చూసినవారికి ఏదో దాస్తున్నారన్న అనుమానం కలగడం సహజం. ఆ అనుమానం ఒక్కోసారి నిజమవుతుంది, ఒక్కోసారి కాదు. అమెరికాలో ఫెడరల్ శాఖల్లోనూ, రాష్ట్ర, కౌంటీ, నగర కార్యాలయాల్లోనూ ఏ వాక్యాన్ని బయటికి ఇవ్వాలి, దేనిమీద నల్లగీత పెట్టాలి అన్న చిక్కుముడి చివరికి ఒక ప్రభుత్వ న్యాయవాది బల్లమీదికి చేరుతుంది. ఆ న్యాయవాది జీతం తీసుకునేది ప్రభుత్వం దగ్గర. అయితే ఆయన అమలు చేయవలసిన చట్టం మొగ్గు మాత్రం అడిగినవారి వైపు ఉంది. ఈ వృత్తిలోని కష్టమంతా ఆ రెండింటి మధ్య ఉంది.

చట్టం మొగ్గు ఎటు

కాలిఫోర్నియాకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు జాన్ మాస్ పన్నెండేళ్ళపాటు పట్టు వదలకుండా శ్రమించిన మీదట ఫెడరల్ సమాచార స్వేచ్ఛా చట్టం ఆమోదం పొందింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు అది ఇష్టం లేకపోయినా, 1966 జులై 4న ఏ వేడుకా లేకుండా సంతకం చేశారు. మొదట్లో దానికి కోరలు లేవు. వాటర్‌గేట్ తరువాత, 1974లో, అధ్యక్షుడు ఫోర్డ్ వీటోను తోసిపుచ్చి కాంగ్రెస్ దానికి బలమైన సవరణలు చేసింది. దాచిన కాగితాలను న్యాయమూర్తి స్వయంగా తెప్పించుకుని చదివే అధికారం అప్పుడే స్థిరపడింది.

ఈ చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. అమెరికా పౌరులే కానక్కరలేదు. ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. ఇరవై పనిదినాల్లో శాఖ తన నిర్ణయం తెలపాలి. ఇవ్వకపోవడానికి చట్టంలో తొమ్మిది మినహాయింపులు ఉన్నాయి: జాతీయ భద్రత, వ్యాపార రహస్యాలు, వ్యక్తిగత గోప్యత, నేర పరిశోధన, ప్రభుత్వం లోపలి చర్చలు మొదలైనవి. ఒక పేజీలో దాచదగ్గ వాక్యం ఒకటి ఉన్నంత మాత్రాన పేజీ మొత్తం ఆపకూడదు. విడదీయగలిగిన మిగతా భాగాన్ని ఇవ్వాలి. 2016 సవరణ ఇంకొక మెట్టు పైకి వెళ్ళింది. మినహాయింపు వర్తిస్తుందని చూపితే చాలదు, ఆ సమాచారం బయటపడితే ఫలానా హాని కలుగుతుందని సహేతుకంగా ఊహించగలగాలి.

ఫెడరల్ చట్టం రాష్ట్రాలకు వర్తించదు. ప్రతి రాష్ట్రానికీ తన చట్టం ఉంది, తన గడువు ఉంది. కాలిఫోర్నియాలో పది రోజుల్లో నిర్ణయం చెప్పాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో అయిదు పనిదినాల్లో ఏదో ఒక జవాబు వెళ్ళాలి. టెక్సస్‌లో ఒక సమాచారాన్ని దాచాలనుకున్న కార్యాలయం, సాధారణంగా పది పనిదినాల్లోగా రాష్ట్ర అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి. వర్జీనియా తన చట్టాన్ని ప్రధానంగా తన పౌరులకే పరిమితం చేసుకుంది. అది చెల్లుతుందని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది.

వెతకడం

రికార్డుల న్యాయవాది దినచర్యలో ఎక్కువ భాగం వాదన కాదు, వెతుకులాట. ఒక దరఖాస్తు వచ్చిందంటే ముందు అది అడుగుతున్నదేమిటో అర్థం కావాలి. ఈ చట్టాలు రికార్డులను ఇస్తాయి తప్ప ప్రశ్నలకు సమాధానాలు ఇవ్వవు. ‘మా వీధిలో చెట్లు ఎందుకు కొట్టేశారు?’ అన్నది ప్రశ్న. ‘ఫలానా వీధిలో ఫలానా నెలల్లో చెట్ల తొలగింపుకు ఇచ్చిన పనిఉత్తర్వులు, వాటిమీద నడిచిన ఈమెయిళ్ళు’ అన్నది దరఖాస్తు. మొదటిదాన్ని రెండోదిగా మార్చుకోవడానికి దరఖాస్తుదారుకు సాయపడాలని కాలిఫోర్నియా చట్టం కార్యాలయాలనే ఆదేశిస్తుంది. అందుకే అనుభవం ఉన్న న్యాయవాది ముందుగా ఫోన్ అందుకుంటాడు. అయిదు నిమిషాల మాటలతో లక్ష ఈమెయిళ్ళ దరఖాస్తు మూడు వందలకు దిగివచ్చే వీలుంది. అడిగినవారికి నిజంగా కావలసినవి సాధారణంగా ఆ మూడు వందలే.

తరువాతి చిక్కు, రికార్డులు ఎక్కడున్నాయన్నది. ఉద్యోగి సొంత ఫోన్‌లో పంపిన సందేశం ప్రభుత్వ రికార్డు అవుతుందా? కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2017లో శాన్ హొసే నగరానికి సంబంధించిన వ్యాజ్యంలో అవుతుందని చెప్పింది. ప్రజల పని గురించి రాసినదైతే, అది ఏ ఖాతాలో ఉన్నా ప్రజలదే. ఆ తీర్పు తరువాత నగర న్యాయవాదులకు ఇబ్బందికరమైన పని ఒకటి చుట్టుకుంది. కౌన్సిల్ సభ్యుల దగ్గరికి వెళ్ళి, సొంత ఫోన్లు వెతికి ఇవ్వమని, ఇవ్వనివి ఎందుకు ఇవ్వలేదో ప్రమాణపత్రం మీద రాయమని అడగాలి. ఆ సభ్యులే ఆయన కక్షిదారుకు పెద్దలు, ఆయన ఉద్యోగం చాలాచోట్ల వారి చేతిలోనిది.

చదవడం

దొరికినవాటిని వరస వరసా చదవడం ఈ పనికి గుండెకాయ. ఒక ఈమెయిలు గొలుసులో ఒక ఇంజనీరు కొలత ఉంటుంది, ఒక అధికారి అభిప్రాయం ఉంటుంది, ఒక న్యాయవాది సలహా ఉంటుంది, ఒక పౌరుడి ఇంటి ఫోన్ నంబరు ఉంటుంది. నాలుగింటికీ నాలుగు నియమాలు. నీటిలో సీసం ఎంత ఉందన్న కొలత వాస్తవం. దాన్ని సాధారణంగా ఇవ్వాలి. ‘దీని గురించి ఇలా చేస్తే బాగుంటుందేమో’ అన్నది నిర్ణయానికి ముందు జరిగిన చర్చ; ఫెడరల్ చట్టంలో దాన్ని ఆపవచ్చు. అధికారులు స్వేచ్ఛగా ఆలోచించాలంటే తప్పుడు ఆలోచనలు కూడా పైకి అనగలగాలన్నది దీని వెనుక ఉన్న తర్కం. కాని ఆ సలహానే శాఖ తన విధానంగా స్వీకరిస్తే ఆ రక్షణ పోతుంది. పైగా 2016 నుంచి, పాతికేళ్ళు దాటిన కాగితాలకు ఈ సాకు చెల్లదు. న్యాయవాది సలహాకు విడిగా రక్షణ ఉంది. అయితే ఆ గొలుసులో న్యాయవాదికి కూడా ప్రతి పంపినంత మాత్రాన ఈమెయిలు మొత్తం సలహా అయిపోదు. ఈ తేడాను మరచిపోయి పేజీకి పేజీ నలుపు పూయడం ఈ వృత్తిలో అతి సులువైన తప్పు.

అతి బరువైన ఒత్తిడి కూడా ఇక్కడే ఎదురవుతుంది. పై అధికారి వచ్చి ‘ఇది బయటికి వెళితే మన పరువు పోతుంది’ అంటాడు. తొమ్మిది మినహాయింపుల్లో ఎక్కడా పరువు నష్టపోయే శాఖకు రక్షణ లేదు. ఆ మాట కక్షిదారుకు చెప్పగలగడమే రికార్డుల న్యాయవాది అసలు నైపుణ్యం. కక్షిదారుకు విధేయుడిగా ఉండడమంటే ఆయన కోరినదల్లా చేయడం కాదు; కోర్టులో నిలబడని గీతను ఈరోజే గీయనివ్వకపోవడం.

కాగితంలో ఉన్న మూడో మనిషి

అన్నీ ఇచ్చేయడమే ధర్మమని అనుకోవడానికీ వీల్లేదు. అడిగినవారికీ ప్రభుత్వానికీ మధ్య ప్రతి ఫైలులో ఒక మూడో మనిషి ఉంటాడు: ఫిర్యాదు చేసిన పొరుగువాడు, సాక్షి, దెబ్బలు తిన్న భార్య, మరణించినవారి కుటుంబం. తమ పేరు ఆ కాగితంలో ఉన్నట్టు వారిలో చాలామందికి తెలియదు. వారి తరఫున మాట్లాడేవారు ఆ గదిలో ఎవరూ ఉండరు. అక్కడ వారిని గుర్తుంచుకోవలసినది ఆ న్యాయవాదే.

సుప్రీంకోర్టు 1989లో, ఎఫ్.బి.ఐ. దగ్గర ఉన్న ఒక వ్యక్తి నేరచరిత్ర పట్టికను ఇవ్వనక్కరలేదంది. అందులోని సంగతులు వేర్వేరు కోర్టుల్లో చెల్లాచెదురుగా దొరికేవే అయినా, అన్నిటినీ ఒకచోట పోగుచేసిన పట్టిక వేరే వస్తువని దాని తర్కం. 2004లో, మరణ స్థలంలో తీసిన ఫోటోల విషయంలో, మరణించినవారి కుటుంబానికి కూడా గోప్యత ఉందని ఏకగ్రీవంగా చెప్పింది.

ఈ రక్షణకు ఖర్చవుతుంది. పోలీసుల ఒంటిమీది కెమెరా దృశ్యాల్లో ఇతరుల ముఖాలను, మాటలను తొలగించడానికి గంటలు పడుతుంది. కాలిఫోర్నియాలోని హేవార్డ్ నగరం ఆ శ్రమకు 3,000 డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆ ఖర్చును అడిగినవారిమీద వేయకూడదని 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలుసుకునే హక్కుకు అంత ధర పెడితే అది డబ్బున్నవారి హక్కు అవుతుంది. కాని ఆ భారం మోసే చిన్న నగరంలో రికార్డులు చూసే న్యాయవాది ఒక్కరే ఉండవచ్చు. ఈ రెండు సంగతులూ నిజమే.

పనిముట్టు కూడా మోసం చేస్తుంది. తెరమీద నల్లపెట్టె గీసినంతలో కింది అక్షరాలు చెరిగిపోవు. ఎవరైనా వాటిని ఎంచి, మరొక చోట అతికించి చదవవచ్చు. పొరపాటున వెళ్ళిపోయిన న్యాయ సలహాను వెనక్కి అడగవచ్చని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఒక సాక్షి చిరునామాను మాత్రం ఏ తీర్పూ వెనక్కి తేలేదు.

గీతకు జవాబు

దరఖాస్తుదారు కోర్టుకు వెళితే పరిస్థితి తలకిందులవుతుంది. ఎందుకు ఇవ్వాలో ఆయన నిరూపించనక్కరలేదు. ఎందుకు ఇవ్వలేదో ప్రభుత్వమే నిరూపించాలి. 1973లో వాషింగ్టన్‌లోని అప్పీళ్ళ కోర్టు, వాన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు వేసిన వ్యాజ్యంలో ఒక పద్ధతి పెట్టింది. దాచిన ప్రతి భాగాన్నీ పట్టికగా రాసి, ఏ మినహాయింపు కింద, ఏ కారణంతో ఆపారో పక్కనే చెప్పాలి. ఆయన పేరుతోనే దాన్ని వాన్ పట్టిక అంటారు. న్యాయవాది మామూలు రోజుల్లో గీసే ప్రతి గీతా ఎప్పుడో ఒకనాడు ఈ పట్టికలో ఒక వరస కావచ్చు. అందుకే మంచి న్యాయవాది గీత పెట్టేటప్పుడే కారణం రాసుకుంటాడు. కారణం రాయలేకపోతే గీత తీసేస్తాడు.

కొన్ని సందర్భాల్లో రికార్డు ఉందనీ లేదనీ కూడా చెప్పరు. మునిగిపోయిన సోవియట్ జలాంతర్గామిని పైకి తీయడానికి సి.ఐ.ఏ. వాడిన గ్లోమార్ ఎక్స్‌ప్లోరర్ ఓడ గురించి ఒక విలేఖరి అడిగినప్పుడు పుట్టిన జవాబు అది. 1976 నాటి ఆ వ్యాజ్యం తరువాత దానికి గ్లోమార్ జవాబు అన్న పేరు నిలిచింది. దాన్ని కూడా కోర్టులో సమర్థించుకోవాలి.

ప్రవాసులకు ఇందులో ఉన్నది

అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువారికి ఈ చట్టం దూరపుది కాదు. వలస శాఖ దగ్గర ఒక్కొక్కరికీ ఒక ఫైలు ఉంటుంది. సంస్థ తమ తరఫున వేసిన ఐ-140 ప్రతి తమ చేతికి రానివారు, పాత స్థితిపత్రాలు పోగొట్టుకున్నవారు ఈ చట్టం కిందే దరఖాస్తు పెడతారు. దేశం నుంచి పంపివేసే విచారణ ఎదుర్కొనేవారికి ఆ ఫైలు మరింత ప్రాణావసరం. అందులో ఏముందో తెలియకుండా వాదించుకోవడం కష్టం. ఆ ఫైళ్ళు ఇవ్వడంలో గడువులు దాటడం ఆనవాయితీగా మారిందని వేసిన సామూహిక వ్యాజ్యంలో, 2020 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయమూర్తి దరఖాస్తుదారుల పక్షాన తీర్పు ఇచ్చారు.

భారతదేశపు 2005 సమాచార హక్కు చట్టంతో పోలిస్తే రెండు తేడాలు కనిపిస్తాయి. ఆ చట్టం కింద అడిగే హక్కు పౌరులది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి అడగవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓ.సి.ఐ. కార్డుతో ఉన్నవారికి చట్టం ఆ హక్కు ఇవ్వలేదు. రెండోది, కారణం లేకుండా ఆలస్యం చేసిన సమాచార అధికారి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా తన జేబునుంచి కట్టవలసి రావచ్చు. అమెరికా ఫెడరల్ చట్టంలో ఇలాంటి రోజువారీ జరిమానా లేదు. వ్యాజ్యంలో నెగ్గినవారి న్యాయవాది ఖర్చును శాఖ భరించేలా కోర్టు ఆదేశించవచ్చు. కారణం అడగకూడదనీ, విడదీయగల భాగం ఇవ్వాలనీ మాత్రం రెండు చట్టాలూ ఒకే మాట చెబుతాయి.

అడగడం తెలిసినవారికి ఈ చట్టాలు ఎక్కువ పనికొస్తాయి. తేదీలు, కార్యాలయం పేరు, విషయం స్పష్టంగా రాయాలి. నల్లగీతలతో పేజీలు వస్తే పక్కన రాసిన మినహాయింపు ఏదో చూడాలి. సరికాదనిపిస్తే గడువులోగా శాఖకే అప్పీలు చేయాలి. ఫెడరల్ శాఖల్లో అందుకు కనీసం తొంభై రోజులు ఇస్తారు. అప్పీలు వచ్చిందంటే ఆ పేజీని మరొకరు మొదటినుంచీ చదవాలి. మొదటిసారి తొందరలో పెట్టిన గీతలు కొన్ని అక్కడ తొలగుతాయి.

ఫ్లింట్‌లో జనానికి మేలు చేసినవి నల్లబడని పేజీలు. ఎవరో అడిగారు, ఎవరో వెతికారు, ఎవరో చదివి, ఇది ఇవ్వవలసినదేనని సంతకం పెట్టారు. ఆ చివరి సంతకం పెట్టినవారి పేరు వార్తల్లో రాదు. కుళాయి నీళ్ళు తాగే పిల్లల తల్లిదండ్రులకు మాత్రం ఆ సంతకంతోనే నిజం అందింది.