పేమెంట్ డేటాని డేటాబేస్‌లోకి ఎక్కించే స్క్రిప్ట్: రెండుసార్లు రన్ చేసినా లెక్క మారకూడదు!

మా పిన్ని రాజమండ్రిలో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. డబ్బులు పేమెంట్ గేట్‌వే ద్వారా వస్తాయి. రోజూ రాత్రి ఫోన్ చూసుకుంటూ ఒక్కో పేమెంట్‌నీ నోట్‌బుక్‌లో రాసుకునేది. "బీటెక్ చదివావు కదరా, ఇదంతా దానంతటదే ఎక్కేలా చెయ్యలేవా?" అని అడిగింది. ఒక ఆదివారం కూర్చుని పైథాన్‌లో స్క్రిప్ట్ రాసిచ్చాను. గేట్‌వే ఏపీఐ నుంచి పేమెంట్లు తీసుకుని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెట్టడమే దాని పని.

నెలాఖరున మధ్యలో నెట్ పోయి స్క్రిప్ట్ ఆగిపోయింది. నేను మళ్ళీ మొదటి నుంచి రన్ చేశాను. అంతే, 23 పేమెంట్లు రెండేసి సార్లు ఎక్కాయి. లెక్కలో ₹11,340 ఎక్కువ కనిపించింది. పిన్ని ఆ టోటల్ నమ్మి నూనె డబ్బాలకి ఆర్డర్ ఇచ్చేసింది. బ్యాంకులో చూస్తే అంత లేదు. తప్పు పూర్తిగా నాదే. మీరు ఇలాంటి స్క్రిప్ట్ రాస్తుంటే ఆ తప్పు చెయ్యకూడదనే ఈ ఆర్టికల్.

పేమెంట్ ఐడీయే ప్రైమరీ కీ

ప్రతి పేమెంట్‌కీ గేట్‌వే ఒక ఐడీ ఇస్తుంది. నేను దాన్ని మామూలు కాలమ్‌గా పెట్టి, ప్రైమరీ కీకి ఆటో నంబర్ వాడాను. అందుకే ఒకే పేమెంట్ రెండోసారి వస్తే డేటాబేస్ దాన్ని కొత్తదనుకుంది. పేమెంట్ ఐడీనే ప్రైమరీ కీ చేస్తే ఆ ఛాన్సే ఉండదు.

అయితే ఉత్త ఇన్సర్ట్ రాస్తే రెండోసారి ఎర్రర్ వచ్చి స్క్రిప్ట్ ఆగిపోతుంది. దానికి "ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్" వాడాలి. ఈ ఐడీ ఇప్పటికే ఉంటే కొత్త వరుస పెట్టకు, పాతదాన్నే సరిచెయ్యి అని దాని అర్థం. ఎస్‌క్యూలైట్‌లో ఇది 3.24 వెర్షన్ నుంచి, పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో అయితే "ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్" అని రాస్తాం.

స్టేటస్ మారుతుంది, మర్చిపోకండి

ఉన్నదాన్ని వదిలేస్తే సరిపోదా, అప్‌డేట్ ఎందుకు అంటారా? ఈరోజు సక్సెస్ అయిన పేమెంట్ నాలుగు రోజుల తర్వాత రీఫండ్ కావచ్చు. అందుకే నా స్క్రిప్ట్ ఇప్పుడు నిన్నటి డేటాతో ఆగదు, ప్రతిసారీ వెనక్కి పది రోజులు మళ్ళీ చదువుతుంది. రీఫండ్లకి వేరే టేబుల్ పెట్టాను. ఒకే పేమెంట్‌కి సగం సగంగా రెండు రీఫండ్లు కూడా ఉండొచ్చు కదా. ఆ టేబుల్ నుంచి పేమెంట్ ఐడీకి ఫారిన్ కీ ఇస్తే రెండూ కలిసి ఉంటాయి.

ఏపీఐ అన్ని పేమెంట్లూ ఒకేసారి ఇవ్వదు, పేజీలుగా ఇస్తుంది. ఖాళీ పేజీ వచ్చేదాకా లూప్ తిరగాలి. ఒక్కో పేజీని ఒక ట్రాన్సాక్షన్‌లో పెట్టి చివర కమిట్ చేయండి. మధ్యలో నెట్ పోతే ఆ పేజీ మొత్తం ఎక్కుతుంది, లేదా అసలు ఎక్కదు. సగం సగం ఉండదు.

పైసలు, టైమ్

డబ్బుని ఫ్లోట్‌లో పెట్టొద్దు. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 వస్తుంది. పైసల్లో ఇంటీజర్‌గా పెట్టుకోండి, ₹499 అంటే 49900. మీ గేట్‌వే రూపాయల్లో ఇస్తుందో పైసల్లో ఇస్తుందో ముందే డాక్యుమెంటేషన్‌లో చూసుకోండి. తేడా వస్తే లెక్క వంద రెట్లు తప్పుతుంది.

టైమ్ చాలాచోట్ల యూటీసీలో వస్తుంది. జూన్ 1 తెల్లవారుజామున 2 గంటలకి వచ్చిన ఆర్డర్ యూటీసీలో మే 31 రాత్రి 8:30. డేటాబేస్‌లో యూటీసీలోనే ఉంచి, రిపోర్ట్ తీసేటప్పుడు ఐదున్నర గంటలు కలపండి. లేకపోతే నెల టోటల్ మారిపోతుంది.

సేఫ్టీ

ఏపీఐ కీని కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో పెట్టకండి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచండి. కార్డ్ నంబర్లు అసలు దాచుకోకండి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 2022 అక్టోబర్ 1 నుంచి వ్యాపారులు వాటిని స్టోర్ చేయకూడదు. మనకి కావాల్సింది ఐడీ, అమౌంట్, ఫీజు, స్టేటస్, టైమ్ మాత్రమే.

చివరి టెస్ట్

స్క్రిప్ట్‌ని వరుసగా రెండుసార్లు రన్ చేయండి. మధ్యలో కొత్త ఆర్డర్ ఏదీ రాకపోతే వరుసల సంఖ్య, టోటల్ రెండుసార్లూ ఒకటే రావాలి. తర్వాత ఆ టోటల్‌ని గేట్‌వే డ్యాష్‌బోర్డ్‌తో పోల్చండి. బ్యాంకులో పడేది మాత్రం గేట్‌వే ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ పోగా మిగిలింది. ఆ తేడా చూసి కంగారు పడకండి.

నూనె డబ్బాల బాకీ తీరడానికి పిన్నికి ఇంకో నెల పట్టింది. ఇప్పుడు నోట్‌బుక్ మానేసిందా అంటే, లేదు. ప్రతి ఆదివారం నోట్‌బుక్ టోటల్, నా టోటల్ పక్కపక్కన పెట్టి చూస్తుంది. నేనేం అనను. అది కూడా టెస్టింగే కదా!