ఒక్క ఫోల్డరునకే నమోదు: ఆదోని శాసనపాఠముల నిదర్శనము

శాసనపాఠములను కంప్యూటరున నెక్కించి దిద్దుకొను పండితులకు వెర్షన్ కంట్రోలు అను సాధనము మిక్కిలి యుపకరించును. ఏ పాఠ మెప్పుడు, ఎవరిచే, ఏ కారణమున మాఱినదో వరుసగా నిలుపుటయే దాని పని. అట్టివానిలో నిప్పుడు విశేషవ్యాప్తి గలది, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కొఱకు నిర్మించిన గిట్. మార్పులను కారణవాక్యముతోఁ జేర్చి చరిత్రకెక్కించుటను కమిట్ అందురు; ఇందు దానిని నమోదని వ్యవహరింతము. ఒక నమోదును ఒక్క ఫోల్డరునకే పరిమితము చేయు విధమును, అందలి చిక్కును ఇచట విచారింతము.

ఒక పండితుఁడు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల శాసనపాఠములను రెండు ఫోల్డర్లలో నుంచుకొన్నాఁ డనుకొందము. ఆదోని ఫోల్డరులో రేఫమును శకటరేఫముగా దిద్దెను. అదే దినమున ఎమ్మిగనూరు ఫోల్డరులో నొక శకసంవత్సరమునుగూర్చి సందేహము గలిగి, అంకెను మార్చి చూచి, నిర్ణయింపక విడిచెను. రెండును ఒక్క నమోదునఁ జేరినచో, శకటరేఫమును జెప్పు కారణవాక్యము క్రింద సందిగ్ధమైన శకసంవత్సరమును నిర్ణీతమైనట్లు నిలిచిపోవును. మఱునాఁ డా నమోదును రద్దుచేయఁ బోయిన రెండు మార్పులును బోవును. శుద్ధిపత్రమునం దిట్టి కలగాపులగమును మన మెన్నఁడును సహింపము.

చాలమంది ఆదోని ఫోల్డరును మాత్రము ‘గిట్ యాడ్’ అను ఆజ్ఞతోఁ జేర్చి, ‘గిట్ కమిట్’ అని ముగింతురు. ఇది చాలదు. చేర్చిన మార్పులు నమోదునకు ముందు ఇండెక్సు అను పట్టికలో వేచియుండును. ఉదయముననే ఎమ్మిగనూరు ఫైలొకటి యందుఁ జేరి యున్నచో నదియు వెంటఁ బోవును. కమిట్ ఆజ్ఞలోనే ఫోల్డరు పేరు వ్రాసినయెడల నా ఫోల్డరులోని మార్పులే చరిత్రకెక్కును. తక్కినవి పట్టికలో నట్లే నిలుచును. అయితే క్రొత్త ఫైలును ముందుగా యాడ్ చేయనిదే యది చేరదు. ఒక ఫైలులోఁ గొంతభాగమునే యేఱి పట్టికలో నుంచియున్నను, ఈ పద్ధతిని ఆ ఫైలు ప్రస్తుతరూప మంతయుఁ జేరిపోవును. రెండు శాఖలను గలుపు నడుమ నీ యుపాయము చెల్లదు, గిట్ నిరాకరించును.

ఇంతవఱకు హద్దు సులభము. హద్దే కదలినపుడు?

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారిజిల్లాలోని ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలుజిల్లాలోఁ జేరినవి. ఎమ్మిగనూరు నాఁడు ఆదోనితాలూకాలోనిదే. అందుచేతనే సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ తొమ్మిదవ సంపుటము ప్రథమభాగమున (1939) పెద్దతుంబళపు కన్నడశాసనములు బళ్ళారిజిల్లాకుఁ జెందినవిగాఁ గానవచ్చును. తాలూకాలు చేతులు మాఱినకొలఁది శాసనముల చిరునామాలు మాఱుట మన మెఱిఁగినదే.

ఆ సంపుటము ననుసరించి ఆదోనిపాఠములను బళ్ళారి ఫోల్డరులో నుంచినవాఁడు, నేఁటి జిల్లా ననుసరించి వానిని కర్నూలు ఫోల్డరులోనికి మార్చె ననుకొందము. అలవాటు చొప్పునఁ గర్నూలు పేరుతో మాత్రమే నమోదు చేసినచో, క్రొత్తచోటఁ జేరికయే నమోదగును. పాతచోటి తొలఁగింపు నమోదు కాదు. చరిత్రలోఁ బ్రతి శాసనమును రెండుచోట్ల నుండును. అంతకంటె హానికర మైనది వేఱొకటి గలదు. గిట్ తరలింపును తరలింపుగా వ్రాసికొనదు. ఒకచోట లోపించినదియు వేఱొకచోటఁ బుట్టినదియు నొకే నమోదునఁ గనిపించి, పాఠములు చాలవఱకు సమానమైనచో, తరలింపని యూహించును. రెండును వేఱైనచో సాధారణముగాఁ జూచువారికి కర్నూలు ఫైలు ఆ దినముననే పుట్టినట్లు తోఁచును. అంతకుముందు దాని నెవరు దిద్దిరో, ఏల దిద్దిరో మఱుగుపడును. నకలు వెదకుమని ప్రత్యేకముగా నాజ్ఞాపింపవలసి వచ్చును.

కావునఁ దరలింపునాఁడు ఆజ్ఞలో రెండు ఫోల్డర్ల పేర్లు నుండవలెను. పాఠసంస్కారము మఱియొక నమోదున నుండవలెను. సామ్యము సగమునకుఁ దగ్గిన గిట్ సాధారణముగా దానిని తరలింపని యెంచదు. దీర్ఘశాసనములకు భయము తక్కువ గాని, రెండుమూఁడు పంక్తుల దానశాసనములలో నాలుగు పదములు మాఱినను ఆ సామ్యము చెడవచ్చును.

చరిత్ర నడుగునపుడును ఇంతే. ‘గిట్ లాగ్’ ఆజ్ఞకుఁ గర్నూలు ఫోల్డరు పేరు మాత్ర మిచ్చినవారికి బళ్ళారినాఁటి నమోదులు కానరావు. ‘ఫాలో’ అను సూచన ఒక్కొక్క ఫైలునకే గాని ఫోల్డరునకుఁ బనిచేయదు. రెండడ్డగీతలు వ్రాసి, వాని తరువాత పాత క్రొత్త ఫోల్డర్ల పేర్లు రెండును బేర్కొన్నచో, పాతది ఇప్పుడు లేకున్నను, వరుస యంతయు బయటఁబడును.