తాడు కట్టి లాగిన కారు

అమెరికాలో డెట్రాయిట్‌ను ఆనుకుని హైలాండ్ పార్క్ అనే ఊరుంది. హెన్రీ ఫోర్డ్ అక్కడ 1910లో ఒక ఫ్యాక్టరీ తెరిచాడు. దాని నమూనా గీసిన ఆల్బర్ట్ కాన్ లోపలికి వెలుతురు రావాలని గోడల నిండా గాజు పెట్టించాడు. మోడల్ టి కార్లు అక్కడ తయారయ్యేవి.

మొదట్లో ఇల్లు కట్టినట్టే కారు కట్టేవారు. కారు ఒకచోట ఉండేది, సామాను పట్టుకుని మనుషులే దాని చుట్టూ తిరిగేవారు.

ఇంజినులో నిప్పురవ్వ పుట్టడానికి కరెంటు ఇచ్చే భాగం మాగ్నెటో. చేయి తిరిగిన పనివాడు ఒక్కడే దాన్ని బిగిస్తే 20 నిమిషాలు పట్టేది. 1913 ఏప్రిల్‌లో ఆ పనిని 29 మందికి పంచారు. ఒకరు నట్టు తగిలించి పక్కకు తోస్తే, పక్కవాడు బిగించేవాడు. సమయం 13 నిమిషాలకు దిగింది. తర్వాత బల్లను 8 అంగుళాలు ఎత్తు చేశారు, 7 నిమిషాలైంది. మాగ్నెటోలను గొలుసుతో నడిపితే 5 నిమిషాలే. ఆ 8 అంగుళాల దగ్గర కాస్త ఆగండి. నడుము వంచే పని తప్పించినందుకే అంత సమయం కలిసొచ్చింది! ఇలా పనిని వరుసగా పంచే పద్ధతే అసెంబ్లీ లైన్; దాని కిటుకంతా నాకు అందులోనే కనిపిస్తుంది.

అదే ఏడాది కారు చాసిస్‌కు, అంటే అడుగు చట్రానికి, తాడు కట్టి 250 అడుగులు లాగించారు. దారి పొడవునా భాగాలు పేర్చి ఉంటే, మనుషులు వెంట నడుస్తూ బిగించారు. పన్నెండున్నర గంటల పని 6 గంటల లోపే తేలింది. తాడు పోయి గొలుసు వచ్చాక, 1914 నాటికి 93 నిమిషాలైంది. 1908లో 850 డాలర్లున్న కారు 1920ల మధ్యకు 300 లోపుకు వచ్చింది.

పనివాళ్ళు మాత్రం నిలవలేదు. పొద్దస్తమానం అదే నట్టు, అదే తిప్పు. ఎన్నాళ్ళని చేస్తారు? 14 వేల మందిని నిలుపుకోవడానికి 1913లో 52 వేల మందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. అప్పుడు, 1914 జనవరి 5న, రోజుకు 8 గంటలు, 5 డాలర్లు అని ప్రకటించారు. అంతకుముందు 9 గంటలకు రెండున్నర డాలర్లు కూడా వచ్చేవి కావు. గడ్డకట్టే చలిలో వేల మంది గేటు ముందు గుమిగూడారు.

ఈ జీతం పెంపును యజమాని ఔదార్యంగా చెప్పడం అలవాటైపోయింది. పని మానేసి వెళ్ళిపోయినవాళ్ళు సాధించిపెట్టిన జీతం అంటాను నేను. పైగా అందులో దాదాపు సగం లాభాల్లో వాటా పేరున వచ్చేది. ఆ వాటా కావాలంటే తాగుడుండకూడదు, ఇల్లు శుభ్రంగా ఉండాలి, డబ్బు దాచుకోవాలి. ఇవన్నీ చూడటానికి కంపెనీ మనుషులు ఇంటి తలుపు తట్టేవారు.